కాలిబంటు ధర మూడు, ఇండియా ధరా మూడే

బల్ల మీద పటం పరచుకుని ఆడే యుద్ధపు ఆటల్లో ప్రపంచమంతా బాగా పేరున్నది 'యాక్సిస్ అండ్ అలైస్'. లారీ హారిస్ తయారుచేసిన ఈ ఆట 1981లో మొదటిసారి వచ్చింది. 1984లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ అచ్చువేశాక ఇల్లిల్లూ చేరింది. కథ రెండో ప్రపంచ యుద్ధానిది. పటం మీద ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. ఆ నేల వంతుకొకసారి ఎంత రాబడి ఇస్తుందో అది చెబుతుంది. 1942 నాటి పరిస్థితితో మొదలయ్యే ముద్రణల్లో ఇండియా గడిలో ఉన్న అంకె 3. ఆ ఆటలో ఒక కాలిబంటును కొనడానికి అయ్యే ఖర్చూ 3.

అంటే దేశమంతా ఒక వంతంతా పనిచేస్తే ఒక సిపాయి తయారవుతాడన్నమాట. నిజంగా ఆ యుద్ధానికి ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు 25 లక్షల మంది. వాళ్ళ బట్ట, బూటు, తిండి, గుడారం చాలావరకు ఇక్కడే తయారయ్యాయి. ఆట చిన్నది, లెక్క సులువుగా ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ మూడు అనే అంకె వెనక ఏం దాగి ఉందో తెలుసుకోవాలని నాకు చాలాకాలంగా ఉంది. నాగలి, మగ్గం, మోటారుకారు తయారుచేసుకుంటున్న దేశం ఫిరంగులు, విమానాలు చేసే దేశంగా ఎలా మారుతుంది? ఆ మార్పుకు ఎంత కాలం పడుతుంది, ఎవరి నోటి దగ్గర కూడు తీయాల్సి వస్తుంది? ఈ ప్రశ్నలను ఆటలు చేసేవాళ్ళు నిబంధనల్లోకి ఎలా దించారో చూడటమే ఈ సమీక్ష పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గత యాభై ఏళ్ళలో ఈ ఆటలు కర్మాగారాన్ని బాగా లెక్కగట్టాయి. సరుకు మోసే బండిని కొంత పట్టించుకున్నాయి. వంటింటిని దాదాపుగా వదిలేశాయి. బళ్ళారిలో ఉండి చూస్తే ఈ లోటు ఇంకా బాగా కనబడుతుంది. ఎందుకంటే ఈ జిల్లా యుద్ధానికి సరుకూ ఇచ్చింది, ఖైదీలనూ దాచింది, యుద్ధం తెచ్చిన పనిని తర్వాత బతుకుదెరువుగానూ మార్చుకుంది.

మన పాత ఆటల్లో ఈ ప్రశ్నే లేదు. హంపీలో గుడి మండపాల రాతినేల మీద చెక్కిన ఆటగీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పులిజూదంలో పులి ఆకలితో ఉందో లేదో ఎవరూ అడగరు. చదరంగంలో గుర్రం చస్తే కొత్త గుర్రాన్ని కొనే చోటే లేదు. ఆ గీతలు చెక్కిన విజయనగరానికి మాత్రం గుర్రాలు సముద్రం దాటి రేవుల్లో దిగి రావాలి. పడమటి తీరం చేతిలో లేకపోతే అశ్వదళమే లేదు. కౌటిల్యుడు రాజ్యపు ఏడు అంగాల్లో కోశాన్ని (ఖజానాను) దండం (సైన్యం) కన్నా ముందు పెట్టాడు. ఆట చెక్కినవాళ్ళు మాత్రం దండాన్నే గీశారు. 1824 నాటికి ప్రష్యా సైన్యం చేతికి వచ్చిన రైస్‌విట్స్ యుద్ధక్రీడలోనూ ఇదే సంగతి. అది సైనికాధికారుల శిక్షణ కోసం పుట్టింది, దానికి కొట్టు, కొలిమి అక్కర్లేదు.

కొట్టు, కొలిమి గట్టిగా కనిపించేది 1974లో అవలాన్ హిల్ కంపెనీ తెచ్చిన 'థర్డ్ రైక్'లో. దాని రూపకర్త జాన్ ప్రాడోస్. ప్రతి దేశానికీ ఏడాది మొదట్లో కొన్ని వనరుల పాయింట్లు దక్కుతాయి. ఏడాదికి నాలుగు వంతులు. ఒక రంగంలో పూర్తిస్థాయి దాడికి దిగాలంటే 15 పాయింట్లు ఖర్చు. ఏడాది చివర మిగిలినదాన్ని ఆ దేశపు వృద్ధిరేటుతో గుణించి వచ్చే ఏటి మూలధనానికి కలుపుతారు. ఈ చివరి నిబంధనలో ఉన్న తెలివి నాకు చాలా ఇష్టం. ఖర్చుపెట్టనిదే పెరుగుతుంది. విత్తనపు గింజలు వండుకు తిన్న రైతుకు వచ్చే ఏడు ఏమవుతుందో మనకు తెలిసిన లెక్కే. అయితే ఇందులో పాయింటు పాయింటే. అది నిన్నటిదాకా ట్రాక్టరుకు వాడిన ఇనుమా, ఇవాళ కొత్తగా కరిగించిన ఇనుమా అన్న తేడా లేదు. మార్పు అనేది జరిగిపోయిందనుకునే చోటే ఆట మొదలవుతుంది.

మార్పుకు పట్టే కాలాన్ని నిబంధనగా మార్చిన ఘనత 'వరల్డ్ ఇన్ ఫ్లేమ్స్'ది. ఆస్ట్రేలియన్ డిజైన్ గ్రూప్ 1985లో తెచ్చిన ఈ ఆటను పూర్తిగా ఆడాలంటే నెలలు పడతాయి. ఒక్కో వంతు రెండు నెలల కాలానికి సమానం. ముడిసరుకు కర్మాగారానికి చేరితేనే ఉత్పత్తి. చేర్చడానికి రైలో ఓడో ఉండాలి. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది గేరింగ్ పరిమితి. పోయిన వంతులో ఒక రకం దళాలు రెండు తయారుచేసి ఉంటే, ఈ వంతులో మూడుకు మించి చేయకూడదు. చేతిలో ఎంత డబ్బున్నా సరే. ఇల్లు అంటుకున్నప్పుడు బావి తవ్వుతానంటే కుదరదని ఇంత పొందికగా చెప్పిన నిబంధన ఇంకో ఆటలో నాకు కనపడలేదు.

ఇది చరిత్రకు సరిగ్గా సరిపోతుందా? అమెరికా సంగతి చూడండి. 1942 జనవరిలో యుద్ధ ఉత్పత్తి మండలి ఏర్పడింది, ఫిబ్రవరిలో మామూలు జనం కొనే కార్ల తయారీ ఆగిపోయింది. చదివితే ఒక్క నెలలో దేశమంతా మారిపోయినట్టుంటుంది. కానీ ఫోర్డ్ కంపెనీ విల్లో రన్‌లో బాంబర్ విమానాల కర్మాగారం పని 1941 వసంతంలోనే మొదలుపెట్టింది. మొదటి విమానాలు బయటికొచ్చింది 1942 శరత్తులో. గంటకొకటి చొప్పున రావడానికి 1944 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో మూసలు మార్చారు, ఎప్పుడూ కర్మాగారం ముఖం చూడని ఆడవాళ్ళకు పని నేర్పారు, వాళ్ళు ఉండటానికి ఇళ్ళు కట్టారు. చివరికి 8,600కు పైగా విమానాలు ఫోర్డ్ పేరున లెక్కకొచ్చాయి. గేరింగ్ పరిమితి ఈ మూడేళ్ళ ఓపికకే నిబంధన రూపం.

సోవియట్ యూనియన్ కథ ఇంకా కఠినం. 1941 రెండో సగంలో 1,500కు పైగా కర్మాగారాలను ఊడదీసి రైళ్ళకెక్కించి తూర్పుకు తరలించారు. చెల్యాబిన్స్క్ ట్రాక్టర్ కర్మాగారానికి లెనిన్‌గ్రాడ్, ఖార్కోవ్ యంత్రాలు, మనుషులు వచ్చి చేరాక జనం ఆ ఊరిని ట్యాంకోగ్రాడ్ అన్నారు. 'వరల్డ్ ఇన్ ఫ్లేమ్స్'లో కొన్ని కర్మాగారాలను నీలిరంగులో అచ్చువేసి, వాటిని రైల్లో తరలించవచ్చన్నారు. తరలించినంత సేపు ఆ కర్మాగారం ఏమీ ఇవ్వదు. ట్రాక్టరు చేసే చోట ట్యాంకు చేస్తే దుక్కి దున్నడానికి మనిషి, ఆవు మిగులుతాయన్న సంగతి మాత్రం ఆ పటం మీద ఎక్కడా లేదు.

జర్మనీ విషయంలో చరిత్రకారులే ఒక మాట మీద లేరు. 1959లో బర్టన్ క్లైన్ రాసిన పుస్తకం తర్వాత చాలాకాలం, హిట్లర్ ప్రజల సుఖాన్ని కాపాడుతూ తేలికపాటి యుద్ధం చేశాడనీ, 1942లో ఆయుధాల మంత్రిగా స్పేర్ వచ్చాకే అసలు కదలిక మొదలైందనీ నమ్మారు. ఆడమ్ టూజ్ 2006లో ఆ నమ్మకాన్ని గట్టిగా కొట్టిపారేశాడు. జర్మనీ మొదటినుంచీ ఆయుధాల మీదే పెట్టుబడి పెట్టిందనీ, అడ్డుపడింది ఉక్కు, విదేశీ మారకం, తిండి అనీ ఆయన వాదన. నాకు టూజ్ వాదనే బలంగా అనిపిస్తుంది. ఆట చేసేవాడు ఈ ఇద్దరిలో ఎవరిని నమ్మితే ఆ ఆటలో జర్మనీ ఆ విధంగా ప్రవర్తిస్తుంది. పటం మీది అంకె కూడా ఒక చరిత్ర వాదమేనని ఆటగాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

2015లో వచ్చిన క్రెయిగ్ బెసింక్ ఆట 'ట్రయంఫ్ అండ్ ట్రాజెడీ' దగ్గరికి వద్దాం. ముగ్గురు ఆడతారు. ఆట 1936లో, ఇంకా శాంతి ఉండగానే మొదలవుతుంది. ఒక దేశపు ఉత్పత్తి ఎంత అంటే, జనాభా, పరిశ్రమ, వనరులు అనే మూడు అంకెల్లో ఏది తక్కువైతే అంత. శాంతి ఉన్నంతకాలం వనరుల లెక్క చూడరు, ఎందుకంటే బజారులో కొనుక్కోవచ్చు. యుద్ధం వచ్చిన మరుక్షణం ఆ మూడో అంకె మెడకు చుట్టుకుంటుంది. నిబంధన రెండు వాక్యాలకు మించదు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా పదునైన ఊహ రాలేదు. మూడు కాళ్ళ పీటలో పొట్టి కాలే పీట ఎత్తును తేలుస్తుంది.

ఈ నిబంధన నిజమని బళ్ళారి జిల్లా 2021 ఏప్రిల్, మే నెలల్లో కళ్ళారా చూసింది. అది తుపాకుల యుద్ధం కాదు, కోవిడ్ రెండో అల. కానీ ఒక పనికి కట్టిన కర్మాగారాన్ని రాత్రికి రాత్రి ఇంకో పనికి మళ్ళించాల్సి రావడం ఈ తరం చూసింది అప్పుడే. తోరణగల్లు జిందాల్ ఉక్కు కర్మాగారం దేశంలోని పెద్దవాటిలో ఒకటి. ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలిని చల్లార్చి ఆక్సిజన్ విడదీసే యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఏప్రిల్ 22 నుంచి కేంద్రం పరిశ్రమలకు ఆక్సిజన్ ఆపింది, కొన్నిటికి మినహాయింపు ఇచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే ద్రవ ఆక్సిజన్ మొత్తం ఆసుపత్రులకే వెళ్ళాలంది. ఆట భాషలో చెప్పాలంటే పరిశ్రమ అంకె పెద్దదే. వనరు గాలే కాబట్టి దానికీ లోటు లేదు.

మరి ఊపిరాడక జనం ఎందుకు పోయారు? పొట్టి కాలు ట్యాంకర్. ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా పట్టి ఉంచే ట్యాంకర్లు దేశంలో చాలినన్ని లేవు. నైట్రోజన్, ఆర్గాన్ మోసే ట్యాంకర్లను ఆక్సిజన్‌కు మార్చమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ముంబై దగ్గరి కళంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లతో బయల్దేరిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారానికి వచ్చి, ఏప్రిల్ 22న ఏడు ట్యాంకర్లు నింపుకుని తిరిగి వెళ్ళింది. లారీ ట్యాంకర్‌ను రైలు బల్ల మీదకెక్కిస్తే పైన వంతెనలు, కరెంటు తీగలు తగలకూడదు. అందుకే 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక్క రకమే పనికొచ్చింది. ఒక దేశం ఊపిరి ఆ కొలత మీద ఆధారపడిందంటే ఏ ఆటగాడు నమ్ముతాడు? మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారు.

తోరణగల్లులో మాత్రం ఇంకో ఉపాయం తోచింది. ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ చాలావరకు వాయువుగా గొట్టాల్లో కొలిమికి వెళ్ళేదే. దాన్నంతా ద్రవంగా మార్చే యంత్రాలు ఉండవు. ఆ వాయువును ట్యాంకర్లో మోయలేరు. అందుకని కర్మాగారం పక్కనే వెయ్యి పడకల తాత్కాలిక ఆసుపత్రి వేశారు. సరుకును మనిషి దగ్గరికి తేలేకపోతే మనిషినే సరుకు దగ్గరికి తెచ్చారు. ఈ ఎత్తుకు నేను ఆడిన ఏ ఆటలోనూ చోటు లేదు. రాష్ట్రాల సరిహద్దు సంగతీ అంతే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్ళి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరులో కలిశాక, ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న నేల మధ్య గీత పడింది. 2021లో ఏ రాష్ట్రానికి ఎన్ని టన్నులో ఢిల్లీలో పంపకాలు చేస్తుంటే, ఇక్కడి కర్మాగారం వైపు రాయలసీమ ఆసుపత్రులూ ఆశగా చూశాయి.

ముందు ఏడాదిలో కుట్టుపని సంగతీ ఇంతే. 2020 మార్చి నాటికి వైద్యులు ఒంటినిండా తొడుక్కునే రక్షణ దుస్తులు దేశంలో దాదాపుగా తయారవలేదు. మే నాటికి రోజుకు 4 లక్షలు దాటాయి. కుట్టుమిషన్లకు, దర్జీలకు ఏనాడూ కొరత లేదు. సూది పడిన ప్రతిచోటా రంధ్రం పడుతుంది, ఆ రంధ్రం మీద వేడిగాలితో టేపు అతికే యంత్రాలే కొరత. పాంటు కుట్టే చేయి గంటలో గౌను కుట్టగలదు, రంధ్రం మూయలేదు.

'కటక్లిజం' అనే 2018 నాటి ఆట ఇంకో వైపు తిరిగి చూసింది. నిరాయుధం, పునరాయుధీకరణ, సమీకరణ, సంపూర్ణ యుద్ధం అని దేశానికి నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు ఎక్కడానికి రాజకీయంగా మూల్యం చెల్లించాలి. కర్మాగారం తాళంచెవి ప్రజల అంగీకారంలో ఉందని చెప్పే ఆట ఇది. కంప్యూటర్ మీద ఆడే 'హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4'లోనూ పౌర కర్మాగారాలు వేరు, సైనిక కర్మాగారాలు వేరు. ఒకదాన్ని ఇంకోటిగా మార్చడానికి ఖర్చుంటుంది, జనానికి కావలసిన సరుకుల కోసం కొన్నిటిని పక్కన పెట్టాలి. ఈ రెండూ మంచి ముందడుగులే. అయినా ఇక్కడే నాకు అసలు అభ్యంతరం ఉంది.

ఇండియాను ఆ మెట్లు ఎక్కించింది ఎవరు? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ అడగకుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. అక్టోబరు చివర్లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. బళ్ళారి అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. మెట్టు ఎక్కించిన చేయి లండన్‌ది, మూల్యం ఇక్కడి ఇళ్ళది. 1942లో బర్మా జపాన్ చేతిలోకి పోవడంతో అక్కడి బియ్యం ఆగింది. సైన్యానికి బట్ట పోగా మిగిలిందానికి ధర చుక్కలనంటితే 1943లో బట్ట, నూలు నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. నూలు దొరకని మగ్గం ఖాళీగా కూర్చుంది. అదే ఏడాది బెంగాల్లో సుమారు 30 లక్షల మంది ఆకలికి చనిపోయారని అంచనా. ఇండియా ఇచ్చిన సరుకుకు బ్రిటన్ అప్పటికప్పుడు డబ్బు కట్టలేదు. లండన్‌లో ఖాతా రాసింది. యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ దాదాపు 130 కోట్ల పౌండ్లు. ఆ ఖాతా మీద ఇక్కడ నోట్లు అచ్చయ్యాయి, ధరలు పెరిగాయి, కూలి చేసుకునేవాడి గిన్నెలో గంజి పలచబడింది.

పటం మీద మూడు అనే అంకెలో ఈ గిన్నె లేదు. దాడిలో కూలిన కర్మాగారానికి ఆటలో నష్టం రాస్తారు. ఆకలితో పోయినవాళ్ళకు ఏ ఆటలోనూ గడి లేదు. ఇది చిన్న లోపమని నేను అనుకోను. మార్పిడి ఖరీదు అంటే ఇదే. ఈ ఖరీదును వదిలేసిన ఆట, మార్పిడిని ఆడుతున్నానని చెప్పుకోకూడదు.

ఇక వనరుల సంగతికి వస్తే, బళ్ళారి పక్కనే ఉన్న సొండూరు సంస్థానం గురించి కొంత. ఆ సంస్థానపు కొండల్లో మాంగనీస్ తవ్వకం 20వ శతాబ్దం తొలి దశాబ్దంలోనే మొదలైంది. ఉక్కులోని మలినాలు తీయడానికి మాంగనీస్ కావాలి. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన మాంగనీస్ ఉక్కుతోనే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిల శిరస్త్రాణాలు చేశారు. ఆటల్లో 'వనరు' అని గుండ్రటి బొమ్మ వేసి వదిలేసేది ఇలాంటి ఎర్రమట్టి కొండనే. అదే యుద్ధంలో బళ్ళారి కంటోన్మెంటులో టర్కీ సైన్యపు ఖైదీలను ఉంచారు. వాళ్ళకు పెట్టే తిండి కూడా ఈ వాన చాలని నేల లెక్కలోంచే పోయింది.

తిరుగు ప్రయాణం గురించి ఆటలు అసలు మాట్లాడవు. చివరి రాజధాని పడగానే పెట్టె మూసేస్తారు. యుద్ధం కోసం మారిన ఊరు మళ్ళీ ఏమవుతుందన్నది వాటికి పట్టదు. బళ్ళారి జీన్స్ ఎక్కడినుంచి వచ్చిందని ఇక్కడ అడిగితే కథ మొదటి ప్రపంచ యుద్ధం దగ్గరికే పోతుంది. కంటోన్మెంటులో సైనికుల యూనిఫారాలు కుట్టడానికి మరాఠీ ప్రాంతం నుంచి దర్జీలు వచ్చారనీ, సైన్యం వెళ్ళిపోయినా సూదిపని ఊళ్ళోనే నిలిచిందనీ చెబుతారు. ముతక బట్ట మీద బలమైన కుట్టు వేయడం తెలిసిన చేతులు తర్వాత జీన్స్ పట్టుకున్నాయి. హైదరాబాదులో 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ కంపెనీలు యుద్ధం నడుస్తుండగానే పుట్టాయి. ఆల్విన్ తర్వాత బస్సులకు, ఫ్రిజ్‌లకు పేరు తెచ్చుకుంది. విశాఖలో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ పునాది వేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అక్కడ కట్టిన మొదటి ఓడ 'జల ఉష' నీటిలోకి దిగింది 1948 మార్చి 14న. ఏ గేరింగ్ పరిమితీ ఊహించనంత నెమ్మది. కానీ అది శాంతికాలపు ఓడ.

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడింది. యుద్ధం ఇంకా ముగియలేదు. మద్రాసు వైపు గవర్నరు ఆర్థర్ హోప్, నిజాం వైపు బేరార్ యువరాజు రాళ్ళు వేశారు. సున్నం, సుర్కీ గారతో కట్టారు. యుద్ధం నడుస్తుండగానే తర్వాతి పంటకు నీళ్ళు వెతికిన ఎత్తు అది. ఏ ఆటలోనైనా దానికి పాయింట్లు దక్కుతాయా?

ఇక్కడి కథతో ఆట ఇక్కడివాళ్ళే తయారుచేయాలి. బొమ్మలు గీసేవాళ్ళున్నారు, లెక్క తెలిసినవాళ్ళున్నారు, అచ్చుకూటాలున్నాయి. అంతవరకూ ఆగలేనివాళ్ళకు నేనూ స్నేహితులూ పాటించే ఒక ఇంటి నిబంధన చెబుతాను. 'యాక్సిస్ అండ్ అలైస్' ఆడేటప్పుడు ఇండియా గడి పక్కన ఒక గిన్నె పెట్టండి. అందులో పన్నెండు చింతపిక్కలు వేయండి. ఇండియా రాబడితో ఏది కొన్నా, కొన్న ప్రతి పావుకూ ఒక పిక్క తీయండి. ఆ వంతు ఏమీ కొనకుండా ఊరుకుంటే రెండు పిక్కలు తిరిగి వేయండి. గిన్నె ఖాళీ అయిన వంతు నుంచి ఇండియా అంకె సున్నా. ఒకసారి ఆడి చూసి, ఏ వంతులో మీ చేయి గిన్నె దగ్గర ఆగిందో మాకు రాయండి.